చచ్చిపోతే చెప్పే నెట్‌వర్క్ కార్డు

పదవీ విరమణకు ఇంకా రెండేళ్ళు ఉందనగా, వానాకాలం మొదట్లో, నన్ను గోదావరిఖనిలోని ఒక భూగర్భ గనికి బదిలీ చేశారు. అంతకుముందు ఏరియా ఆఫీసులో టెలిఫోన్లు, వైర్‌లెస్ సెట్లు, కంప్యూటర్ల నెట్‌వర్కు చూసుకునే కమ్యూనికేషన్ విభాగంలో ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా పనిచేశాను. హోదా మారలేదు, జీతం మారలేదు, కుర్చీ మాత్రం బాయి మీదికి వచ్చింది. మా దగ్గర గనిని బాయి అంటారు. బాయి మీద అంటే ఆఫీసు, ల్యాంపు రూము, ఫ్యాను ఇల్లు ఉండే పై ఆవరణ. బాయిల అంటే లోపల.

నాకు అప్పగించిన పని గ్యాసు పర్యవేక్షణ. బొగ్గు తీసేచోట మీథేన్ వాయువు వస్తుంది, మోతాదు మించితే అది అంటుకుంటుంది. బొగ్గు తీసేసి పైకప్పు కూలనిచ్చిన ఖాళీని గోఫ్ అంటారు. అక్కడ మిగిలిపోయిన బొగ్గు తనంతట తానే వేడెక్కి కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు, మనిషిని తీసుకుపోవడానికి చప్పుడూ చేయదు. ఈ రెండు వాయువులనూ, లోపల ఆడే గాలి వేగాన్నీ కొలిచే సెన్సర్లు భూగర్భంలో అక్కడక్కడా వేలాడుతుంటాయి. వాటి అంకెలు లోపలే ఒక డబ్బాలో పోగై, ఫైబరు తీగ మీద పైకి వచ్చి, కంట్రోల్ రూములోని కంప్యూటరు తెర మీద కనిపిస్తాయి. అవి చూసి, అవసరమైతే షిఫ్టు ఇన్‌ఛార్జి లోపలి మనుషులను బయటికి పిలిపిస్తాడు.

ఆ సెన్సర్లను నేను ఎన్నడూ చూడలేదు. కొత్తగా అట్టపెట్టెలో వచ్చినప్పుడు చూశాను, చెడిపోయి నా బల్ల మీదికి వచ్చినప్పుడు చూశాను, పనిచేసే చోట మాత్రం చూడలేదు. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఆడవాళ్ళు భూగర్భంలోకి దిగడానికి చట్టం ఒప్పుకునేది కాదు. మా నాన్న కృష్ణా జిల్లా నుంచి సర్వేయరుగా వచ్చి ఇక్కడే ఉండిపోయారు. కంపెనీ దవాఖానలో పుట్టాను, కంపెనీ క్వార్టర్లలో పెరిగాను, కంపెనీ బడిలో చదివాను, కంపెనీలోనే ఉద్యోగం తెచ్చుకున్నాను. ఇన్నేళ్ళు దేని మీద నడిచానో దాన్ని ఒక్కసారీ కళ్ళతో చూడలేదు. నాతో చేరిన మగ ఇంజనీర్లు మొహాన బొగ్గు మరకలతో పైకి వచ్చి, టీ తాగుతూ లోపలి సంగతులు చెప్పుకుంటుంటే నాకు కడుపు మండేది. అది అసూయే, దానికి ఇంకో పేరు పెట్టను.

నా తరఫున లోపలికి వెళ్ళేది రాజమల్లు అనే ఎలక్ట్రీషియను. కాసిపేట వైపు పల్లె నుంచి వచ్చి ఈ గనిలోనే పనికి చేరినవాడు, వయసులో నాకంటే కొంచెం పెద్ద. నేను ఏరియా ఆఫీసులో ఉన్నప్పటి నుంచీ మా ఇద్దరి పని ఫోను మీదే జరిగేది. ఆయన సెన్సరు పక్కన నిలబడి ఫోను చేస్తే, ఏరియా ఆఫీసు దాకా వచ్చే ఆ అంకెను తెర మీద చూసి నేను చెప్పేదాన్ని, ఆయన కింద సరిచేసేవాడు. పని అయ్యాక అక్కడ ఏం కనిపిస్తోందని అడిగేదాన్ని. మొదట్లో "ఏముంటది మేడం, చీకటే" అనేవాడు. రానురాను నా ధోరణి అర్థమై తనే చెప్పడం మొదలుపెట్టాడు. ఏ మలుపులో నీళ్ళు కారుతున్నాయో, ఎక్కడ గాలి చల్లగా తగులుతుందో, ఎక్కడ కూర్చుని సద్ది తింటారో అన్నీ చెప్పేవాడు. ఈ గని చివరి ప్యానెల్‌లో, అంటే ఒక విడతలో తవ్వడానికి హద్దు గీసుకున్న బొగ్గు భాగంలో, పైకప్పు రాతి మీద ఆకుల ముద్రలు ఉన్నాయని చెప్పింది కూడా ఆయనే.

"చెయ్యంత ఆకులు మేడం, ఈనెలు గూడ కనవడ్తయ్."

ఒక ముక్క ఊడదీసి తెస్తానన్నాడు. వద్దన్నాను. ఉన్నచోటే చూడాలని పంతం పట్టాను.

ఆడవాళ్ళు దిగవచ్చని చట్టం మారి అప్పటికి కొన్నేళ్ళయింది. ఏరియా ఆఫీసులో కూర్చున్నదానికి దిగే పనేం ఉంటుందని నన్ను ఎవరూ పంపలేదు. గనికి బదిలీ అయిన వారంలోనే మేనేజరు వెంకటస్వామి గారి దగ్గర ఈ మాట ఎత్తాను. ఆయన పెద్దపల్లి పక్క పల్లె మనిషి, వాళ్ళ నాన్న ఇదే బాయిలో బొగ్గు నింపాడు. ఆయన నవ్వలేదు, ఆశ్చర్యపోలేదు. వైద్య పరీక్ష చేయించుకోవాలి, శిక్షణ కేంద్రంలో తరగతులకు హాజరు కావాలి, ఆ తర్వాత మేనేజరు రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి అని వరస చెప్పారు. సరదాకు ఎవరినీ దింపరు కాబట్టి పని కూడా ఉండాలి. పని ఉంది. పర్యవేక్షణకు కొత్త కంప్యూటరు పెడుతున్నాం, అది నిలకడగా నడుస్తోందని తేలాక, సెన్సర్లు సరైన చోట ఉన్నాయని ఒక ఇంజనీరు లోపల స్వయంగా చూసి సంతకం పెట్టాలి. ఆ సంతకం మీరే పెట్టండి మేడం అన్నారు.

వైద్య పరీక్ష అయింది, శిక్షణా అయింది. స్టోర్సులో నా కాలికి సరిపోయే గని బూట్లు లేవు. ఉన్నవాటిలో చిన్న జత ఇచ్చి, మేజోళ్ళు రెండు వేసుకోమని సలహా పారేశారు. ఇంట్లో హాల్లో వాటితో అటూ ఇటూ నడిచి అలవాటు చేసుకున్నాను. ఆ చప్పుడుకు కింది ఇంటివాళ్ళు వచ్చి ఏం జరుగుతోందని అడిగారు.

ఇక కంప్యూటరు సంగతి. పాతదానిలోని ఆపరేటింగ్ సిస్టమ్‌కు తయారీదారు మద్దతు ఆగిపోయింది. కొత్త లైసెన్సులు కొనే బదులు లినక్స్‌కు మారమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. లినక్స్ ఓపెన్ సోర్స్ సిస్టమ్, దాని లోపలి కోడ్‌ను ఎవరైనా చదవవచ్చు, తెలిసినవాళ్ళు సరిచేయవచ్చు. ఏరియా ఆఫీసు సర్వర్లలో నేను ఏళ్ళ తరబడి వాడిందే కాబట్టి సంతోషంగా ఎక్కించాను. తీగ తగిలించగానే అంకెలు వచ్చాయి. తీగ మీద వచ్చే సమాచారాన్ని అందుకుని కంప్యూటరుకు అప్పజెప్పేదాన్ని నెట్‌వర్క్ కార్డు అంటారు. దాన్ని వేరుగా కొనలేదు, మదర్‌బోర్డు మీదే ఒకటి ఉంది. పనిచేస్తున్నంత కాలం నెట్‌వర్క్ కార్డు గురించి ఎవరూ ఆలోచించరు.

మావాళ్ళకు కొత్త వ్యవస్థ తెగ నచ్చింది. పాత తెర మీద అంకెలు ఊరికే గంతులు వేసేవి. కొత్త తెర మీద ఒక్కోసారి చాలాసేపు కదలకుండా నిలబడేవి. గని మనుషులకు కదలని వస్తువంటే ప్రాణం. పైకప్పు కదలకూడదు, దానికి ఆనించిన దిమ్మె కదలకూడదు, గ్యాసు అంకె కదలకూడదు. రిపోర్టులో "స్థిరంగా ఉంది" అని రాసి ఇంటికి పోవడంలో ఉన్న సుఖం బయటివాళ్ళకు తెలియదు. ఇన్‌ఛార్జులంతా మెచ్చుకున్నారు. నాకెందుకో అంత నిలకడ మింగుడుపడలేదు గానీ, మెచ్చుకునేవాళ్ళను ఆపడం ఎవరికి చేతనవుతుంది?

ఒకరోజు మొదటి షిఫ్టులో, టిఫిన్ల వేళకు, కరెంటు పోయి పెద్ద ఫ్యాను ఆగింది. గని లోపలికి గాలి ఆడించేది అదే. దాని రొద చుట్టుపక్కల కాలనీల దాకా వినిపిస్తుంది. తిరుగుతున్నప్పుడు ఎవరూ పట్టించుకోరు, ఆగితే ఇంట్లో అన్నం వండుకునేవాళ్ళకు కూడా తెలిసిపోతుంది. ఫ్యాను ఆగితే లోపలివాళ్ళను బయటికి తేవాలని నిబంధన. ఫోన్లు వెళ్ళాయి, మనుషులు వస్తున్నారు. సెన్సర్లూ, కంట్రోల్ రూమూ బ్యాటరీ మీద నడుస్తాయి కాబట్టి నేను తెర వైపు చూశాను. గాలి వేగం పొద్దున ఎంత ఉందో అప్పుడూ అంతే ఉంది. ఫ్యాను లేకుండా గాలి ఎక్కడి నుంచి వస్తుంది? కంప్యూటరు వెనక్కి వంగి చూశాను. కార్డు మీది పచ్చదీపం వెలుగుతోంది, తీగ బాగానే తగిలి ఉందని లినక్స్ చెబుతోంది, కానీ కింది నుంచి కొత్త సమాచారం ఒక్క ముక్క అందడం లేదు. తెర పాత అంకెను పట్టుకుని కూర్చుంది. అంతకుముందు ఎన్నిసార్లు ఇలాగే జరిగితే "స్థిరంగా ఉంది" అని రాసుకున్నామో ఎవరికీ తెలియదు.

మేనేజరు గారు నన్ను పిలిపించారు. తిట్టలేదు. జరిగింది మొత్తం విని అన్నారు:

"మేడం, నాకు జబర్దస్త్ కార్డు అక్కరలేదు. సచ్చిపోతే సచ్చిపోయిన అని చెప్పే కార్డు గావాలె. గిట్ల బతికున్నట్టు యాక్టింగ్ చేసేటిది నాకొద్దు."

నెట్‌వర్క్ కార్డు ఎంపిక గురించి నేను చదివిన సాంకేతిక వ్యాసాలు చాలానే ఉన్నాయి. ఇంత సూటిగా చెప్పింది వాటిలో ఒక్కటీ లేదు.

లోపం ఎక్కడుందో వెతికాను. నెట్‌వర్క్ కార్డును నడిపే చిప్‌కు కరెంటు ఆదా చేసే ఏర్పాటు ఒకటి ఉంది. పని తగ్గినప్పుడల్లా కునుకు తీస్తుంది, ఒక్కోసారి ఆ కునుకులోంచి లేవదు. సమాచారం పంపేటప్పుడు కార్డు ఆగిపోతే లినక్స్ పసిగట్టి నమోదు చేసుకుంటుంది. మా కంప్యూటరు పంపేది దాదాపు ఏమీ లేదు, అందుకునేదే అంతా. అందుకునేటప్పుడు కార్డు మొద్దుబారితే, వచ్చే సమాచారమే లేదు కాబోలు అని లినక్స్ ఊరుకుంటుంది. ఆ కునుకు ఏర్పాటును ఆపేశాను. కొంత నయమైంది, పూర్తిగా నయం కాలేదు.

ముందుగా నమ్మకమైన హెచ్చరిక కావాలని ఒక చిన్న ప్రోగ్రాము రాశాను. గ్యాసు హద్దు దాటినా, కొద్దిసేపు కొత్త అంకె రాకపోయినా తెర ఎర్రబడి, కంట్రోల్ రూములో గంట మోగుతుంది. గంట మోగితే, మళ్ళీ అంకెలు వచ్చేదాకా చివరి ప్యానెల్‌లోని మనుషులు అక్కడి నుంచి లేచి రావాలని మేనేజరు ఆర్డరు వేశారు. ఆ ప్యానెల్ గోఫ్‌లో అంతకుముందు కొంచెం వేడి కనిపించి తగ్గింది, అందుకే అంత జాగ్రత్త. ఆర్డరు బాగుంది, గంట బాగుంది, కార్డు మాత్రం పాతదే. రోజూ మోగింది. మనుషులు పని వదిలి, ఎత్తు దారిలో రొప్పుతూ నడిచి వచ్చేవాళ్ళు. వచ్చేసరికి నేను కంప్యూటరును సర్దేసి ఉండేదాన్ని. మళ్ళీ దిగేవాళ్ళు. దానికి "మేడం గంట" అని పేరు పెట్టారు. క్యాంటీన్లో నేను కనబడితే, గంట ఇయ్యాల ఇంకా కొట్టలేదేందని నవ్వుకునేవాళ్ళు. నవ్వినంతకాలం ఫరవాలేదనుకున్నాను.

ఒక సాయంత్రం రాజమల్లు షిఫ్టు దిగి నేరుగా నా గదికి వచ్చాడు. మొహం కూడా కడుక్కోలేదు.

"మేడం, మీ గంట మోగితే మావోళ్ళు ఇప్పుడు సద్ది డబ్బలు గూడ మూస్తలేరు. గిట్లనే నడిస్తే, ఒకనాడు నిజంగ మోగినా ఆడనే కూసుంటరు. అండ్ల నేను గూడ ఉంట."

ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆయన నా వైపు చూడలేదు. కార్డు సంగతి ఆ రోజు నుంచి నాకు యంత్రం సమస్యగా అనిపించలేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ప్యానెల్‌లో పని ఎంత నెమ్మదిస్తే గోఫ్‌లో మిగిలిన బొగ్గుకు వేడెక్కడానికి అంత వ్యవధి దొరుకుతుంది. వేడి ముదిరితే ప్యానెల్‌కు అడ్డంగా గోడ కట్టి మూసేయాలి. గనిలో మిగిలింది అదొక్కటే ప్యానెల్, అది మూస్తే గని మూసినట్టే. పనివాళ్ళు జైపూర్ వైపో, కాసిపేట వైపో, దొరికిన చోటికి బదిలీ అవుతారు. నేను దిగాల్సింది కూడా ఆ ప్యానెల్‌లోకే. వీటన్నిటికీ మధ్యలో గోరంత చిప్ ఒకటి అడ్డుపడి ఉంది.

కొత్త కార్డు కొనమని ఇండెంట్ పెట్టాను. ఫలానా చిప్ ఉన్న కార్డే కావాలని రాస్తే, పేరు చెప్పి అడగకూడదు, గుణాలు చెప్పి అడగాలని కొనుగోలు విభాగం తిప్పి పంపింది. "లినక్స్‌లో పనిచేయగల నెట్‌వర్క్ కార్డు" అని రాశాను. తక్కువ ధర వేసినవాడి సరుకు వచ్చింది. అట్ట మీద లినక్స్‌కు పనికొస్తుందని పెద్ద అక్షరాలు ఉన్నాయి. విప్పి చూస్తే లోపల ఉన్నది మా మొద్దు చిప్‌కు తమ్ముడు. ఈ వ్యాపారంలో కొత్తవాళ్ళంతా పడే గుంత ఇది. కార్డు మీద ఉండే పేరు అమ్మేవాడిది, పనిచేసేది చిప్. ఒకే పేరు, ఒకే మోడలు నంబరు మీద ఈ ఏడాది ఒక చిప్, పై ఏడాది ఇంకో చిప్ పెట్టి అమ్మేవాళ్ళు ఉన్నారు. దాన్ని కంప్యూటరులో పెట్టి, నువ్వెవరివని సిస్టమ్‌తో అడిగించేదాకా నిజం తెలియదు.

ఆ వారం రోజులూ నేను లినక్స్ వాడేవాళ్ళు ప్రపంచమంతా రాసుకునే చర్చలు చదువుతూ కూర్చున్నాను. కార్డును నడిపించే కోడ్‌ను డ్రైవరు అంటారు. అది లినక్స్‌లోనే కలిసి ఉండాలి. తయారీదారు డిస్కులో ఇచ్చే డ్రైవరు అయితే, సిస్టమ్‌ను కొత్త వెర్షన్‌కు మార్చినప్పుడల్లా మొరాయిస్తుంది. ఇక ఫిర్యాదులు. అసలు ఫిర్యాదులే లేని కార్డును నేను నమ్మను, దాన్ని ఎవరూ గట్టిగా వాడలేదని అర్థం. ఫిర్యాదులు ఉండి, ప్రతిదానికీ ఎవరో ఒకరు జవాబు చెప్పి, కోడ్‌లో సరిచేసిన చిప్ అయితే ఫికర్ లేదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఎన్ని ముక్కలు అందుకుంది, ఎన్ని జారవిడిచింది, ఎప్పుడు తడబడింది అని అడిగితే కార్డు దాచకుండా చెప్పాలి. చౌక చిప్‌లు ఇక్కడే బొంకుతాయి. తప్పులెన్ని అంటే ఎప్పుడూ సున్నా అంటాయి.

ఇవన్నీ సరిపోయే చిప్ పేరు ఒకటి తేలింది. కొత్తది కొనే దారి మూసుకుపోయింది కదా, పాతది ఎక్కడుందా అని ఆలోచిస్తే జనరల్ మేనేజరు ఆఫీసులో తీసేసిన సర్వరు గుర్తొచ్చింది. దాన్ని అక్కడ బిగించిందీ నేనే, తీయించిందీ నేనే. అప్పటికి పనికిరాని సామాన్ల షెడ్డులో వేలం కోసం పడి ఉంది. ఒకసారి పనికిరాదని తీర్మానించిన వస్తువులోంచి మేకు పీకాలన్నా పై అనుమతి కావాలి. స్టోర్సు ఆఫీసరు, వేలం జాబితాలో చేరినదాన్ని ముట్టుకోనివ్వనన్నాడు. వెంకటస్వామి గారు జనరల్ మేనేజరుతో తానే మాట్లాడి, విడిభాగంగా వాడుకునేందుకు సంతకం చేయించుకొచ్చారు. షెడ్డులో సర్వరు మూత తీస్తే లోపల పిచ్చుక గడ్డి పేర్చుకుంది. గూడు కదలకుండా పక్కనుంచి కార్డు తీశాను.

కార్డు పాతది, వేగం గొప్పదేమీ కాదు. దానితో నేను చేయని అఘాయిత్యం లేదు. పనిచేస్తుండగా తీగ పీకాను. ఇంకో కంప్యూటరు నుంచి సమాచారం వరదలా కుమ్మరించాను. గదిలో ఏసీ ఆపి, మధ్యాహ్నపు ఉక్కలో మూత బిగించి నడిపించాను. తీగ పీకగానే గంట మోగేది, పెట్టగానే అంకెలు తేరుకునేవి. మధ్యలో ఎన్ని ముక్కలు పోయాయో అడిగితే ఉన్నదున్నట్టు చెప్పేది. నాకు ఆ కార్డు మీద ప్రేమ పుట్టిందంటే నవ్వకండి.

దాన్ని కంట్రోల్ రూము కంప్యూటరులో బిగించాక గంట నోరు మూసుకుంది. కొన్నాళ్ళు చూశాక మేనేజరు గారు ఒక షిఫ్టులో ఎవరికీ చెప్పకుండా తానే తీగ పీకారు. గంట మోగింది, లోపలికి ఫోను వెళ్ళింది. అందరూ లేచి వచ్చారు, రాజమల్లు కూడా వచ్చాడు. పరీక్ష అని తెలిశాక గొణిగారు గానీ, వచ్చారు. ఆ రోజే మేనేజరు గారు నా అనుమతి మీద సంతకం చేశారు. వచ్చే సోమవారం మొదటి షిఫ్టులో, రాజమల్లును వెంటబెట్టుకుని నేను దిగాలి.

శనివారం పొద్దున నేను వచ్చేసరికి చివరి ప్యానెల్ కార్బన్ మోనాక్సైడ్ గీత కొద్దిగా పైకి వంగి ఉంది. హెచ్చరిక హద్దుకు చాలా కిందే ఉంది, గంట మోగేంత కాదు. కానీ తగ్గడం లేదు. టీ తాగి వచ్చి చూశాను, ఇంకొంచెం పెరిగింది. లోపల ఓవర్‌మెన్, అంటే ప్యానెల్‌లో పనిని పర్యవేక్షించే ఉద్యోగి, చేతి మీటరుతో కొలిస్తే మనుషులు పనిచేసే చోట ఏమీ చూపించలేదు. గోఫ్ నుంచి గాలి తిరిగొచ్చే దారిలో వేలాడే సెన్సరు ఒక్కటే ఈ మాట చెబుతోంది.

నా ఉద్యోగంలో మొదటిసారి, నేను పెట్టిన పరికరం తప్పు చెబుతూ ఉండాలని కోరుకున్నాను. కార్డును దాని లెక్కలు అడిగాను. ఒక్క ముక్క జారలేదంది. తీగ మార్చాను. అదే గీత. రాజమల్లు ఆ షిఫ్టులోనే ఉన్నాడు. ప్యానెల్ బయట, మంచి గాలి వచ్చే దారిలో ఉన్న డబ్బా దగ్గరికి వెళ్ళి, దాని మీది అంకె చదవమని ఫోను చేశాను. చదివాడు. తెర మీద ఉన్నదే. మళ్ళీ చదవమన్నాను, చదివాడు. ఇంకోసారి అడిగాను.

"మేడం, నేను సరిగ్గనే సదువుతున్న. మీరు ఇనాలనుకుంటున్న అంకె ఈడ లేదు."

మేనేజరు గారు కంట్రోల్ రూముకు వచ్చారు. గీతను చాలాసేపు చూశారు. గాలి నమూనా తీయించి ప్రయోగశాలకు పంపితే రూఢిగా తెలుస్తుంది, ఫలితం వచ్చేసరికి సోమవారం అవుతుంది. అప్పటిదాకా ఆగవచ్చు, ఆగితే తప్పు పట్టేవాళ్ళూ లేరు. ఆగకపోతే ఆయన నాన్న బొగ్గు నింపిన గనిని ఆయన చేత్తోనే మూయాలి. ఆయన తెర మీంచి చూపు తీయకుండానే అడిగారు:

"ఒక్కటే అడుగుత మేడం. కార్డు మాట నమ్మాల్నా, వద్దా?"

నమూనా వచ్చేదాకా చూద్దాం సార్ అంటే చాలు. అది తెలివైన మాటే, నిబంధనలకు విరుద్ధం కూడా కాదు. సోమవారం పొద్దున నేను లోపల ఉండేదాన్ని. ఆ మాట నా నోటి దాకా వచ్చిందని ఒప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు. అక్కడికి వెళ్ళాలని నాకు అంతగా ఉండేది.

"నమ్మాలి సార్" అన్నాను.

ఆయన ఫోను తీశారు. గంట మోగకుండానే, ఒక్క ఫోనుకు, అందరూ బయటికి వచ్చారు. రెండో షిఫ్టు నుంచి గోడ పని మొదలైంది. ప్యానెల్‌లోకి పోయే దారులకు అడ్డంగా ఇటుక గోడలు కట్టి, లోపలి గాలి నమూనాలు తీయడానికి ఒక గొట్టం వదులుతారు. ఆకుల ముద్రలున్న పైకప్పు ఆ గోడల అవతల ఉండిపోయింది. సెన్సరు విప్పి తెచ్చుకోవాల్నా, ఆడనే వదలాల్నా అని రాజమల్లు లోపల్నుంచి అడిగాడు. వదిలేయండి రాజమల్లన్నా అని చెప్పాను, గోడ వెనక ఏం జరుగుతుందో తెలియాలి కదా. సరేనని పెట్టేయబోయి ఆగాడు.

"మీరు సూడకముందే కడ్తున్నం మేడం. నా పాణం ఒప్పుతలేదు."

నాకూ ఒప్పలేదు. పని చూసుకోమని చెప్పి ఫోను పెట్టేశాను.

గోడలు పూర్తయ్యాక ఆ సెన్సరు ఇంకొన్నాళ్ళు అంకెలు పంపింది. అవి పెరుగుతూనే పోయాయి. గొట్టంలోంచి తీసిన నమూనాలు కూడా అదే చెప్పాయి. సోమవారం దాకా ఆగి ఉంటే ఏమయ్యేదో నేను ఊహించి రాయను. ఎవరికీ ఏమీ కాలేదు, రికార్డులో ఉన్నది అంతే. గనిని నెమ్మదిగా ఖాళీ చేశారు. రాజమల్లు కాసిపేట వైపు గనికి బదిలీ అయి, అక్కడి నుంచే రిటైరయ్యాడు. పండగలకు ఫోను చేస్తాడు, అలవాటు కొద్దీ నేను ఏం కనిపిస్తోందని అడుగుతాను, మిరప చేను కనిపిస్తోందని చెబుతాడు. వెంకటస్వామి గారు ఇంకో గని మేనేజరుతో మాట్లాడి నన్ను అక్కడ దింపిస్తానన్నారు. వెళ్ళలేదు. ఫోను మీద నేను ఇన్నేళ్ళు నడిచిన దారులు ఆ గనివి కావు. చూడాలన్న కోరిక మాత్రం తీరలేదు, తగ్గనూ లేదు. ఇప్పటికీ బజారుకు వెళ్తూ ఆ గని గేటు ముందు నుంచి పోయినప్పుడు, ఈ పాటికి ఏ మలుపు దగ్గర ఉండేదాన్నో అని లెక్క వేసుకుంటాను.

లినక్స్‌కు ఏ నెట్‌వర్క్ కార్డు మంచిదని ఇప్పటికీ కొత్త ఇంజనీర్లు నన్ను అడుగుతుంటారు. పేరు చూడకండి, చిప్ చూడండి, డ్రైవరు లినక్స్‌లోనే ఉండేది తీసుకోండి, తన తప్పులు తాను చెప్పేది వెతకండి అని చెబుతాను. ఇవన్నీ ఎక్కడైనా దొరికే మాటలే. ఆ శనివారం నేర్చుకున్నది ఒకటి ఉంది, అది కూడా చెబుతాను. పరికరం ఎంచుకునే ముందు, రేపు అది మీకు ఇష్టం లేని అంకె చూపిస్తే నమ్ముతారా అని మిమ్మల్ని మీరు అడగండి. నమ్మలేమని అనిపిస్తే ఏ కార్డు కొన్నా ఒకటే.